ఎన్నింటికి వండినారు?

2023 మే తొమ్మిది, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు ఆమె మా చలివేంద్రంలో పెరుగన్నం గుండిగ మూత తీసి, అందులో థర్మామీటరు గుచ్చింది. మొదలైంది అప్పుడే. అంతకుముందు ఆమె మా మేడమీద గదిలో అద్దెకుండే మనిషి, అంతే. పోయిన నెల ఆమె తమ్ముడు ఫోన్ చేసి అక్క పోయిందని చెప్పినప్పుడు నా నోట మొదట వచ్చిన మాట "ఎన్నింటికి?" అని. అన్నాక నాలుక కరుచుకున్నాను. అది నా ప్రశ్న కాదు, ఆమెది.

భోజనం దగ్గర అందరూ ఏం కూర అని అడుగుతారు. ఆమె ఎన్నింటికి వండినారని అడిగేది. పెళ్లిలో అడిగేది, పరామర్శకు పోయిన ఇంట్లో కాఫీ ఇస్తే పాలు ఎన్నింటికి కాచినారని అడిగేది. మార్కాపురంలో మా సందు మొగలో ఉగ్గాని, బజ్జీలు అమ్మే ఆయన ఆమె రావడం చూస్తే చాలు, ముందే చెప్పేసేవాడు.

"ఏడున్నరకు తిరగమాత పెట్టినా మేడం. పుట్టిన నక్షత్రం గూడా చెప్పమంటావా?"

"నక్షత్రం నాకెందుకన్నా. వేడిమీద మూత ఎందుకు బిగించినావో అది చెప్పు."

ఆయన గొణుక్కుంటూ మూత తీసేవాడు. ఆమె ఉగ్గాని వాసన చూసేది కాదు, మూత అడుగు వాసన చూసేది. చెడితే తెలిసేది ముందు అక్కడేనట. థర్మామీటరును కళ్ళజోడు పెట్టెలో దాచేది, కళ్ళజోడును సంచిలో ఊరికే పడేసేది. అందువల్ల అద్దాలనిండా గీతలు. ఆ గీతల్లోంచే లోకాన్ని చూసేది. థర్మామీటరు మాత్రం ఎప్పుడూ తళతళలాడుతూ ఉండేది.

ఆమెది గిద్దలూరు అవతల కొండకింద పల్లె. గొర్రెలు కాచుకునే ఇల్లు. ఎక్కడో దూరంగా ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, రెండేళ్లు సెలవు పెట్టి వచ్చింది. ఎండ ఎక్కువగా ఉండే చోట పాలు, అన్నం, మజ్జిగ ఎంతసేపట్లో ఎలా మారతాయో లెక్క కట్టడం ఆమె పని. వాటిలో పెరిగే కంటికి కనపడని జీవులు ఒకదానితో ఒకటి ఎలా పోటీపడతాయో సమీకరణాల్లో పెట్టేది. ఊరంతా ఎండను తిట్టుకుంటుంటే ఆమె మేడమీద నిలబడి, "ఇంత మంచి ఎండ ఇంకెక్కడ దొరుకుతుంది టీచరమ్మా" అనేది. నేను ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. నన్ను బుట్టలో వేసుకోవడానికి ఆమె వేరే ఏమీ చేయనక్కర్లేకపోయింది. ఒకరోజు మెట్లమీద కూర్చుని గాలిలో వేలితో ఒక గీత గీసింది. కాసేపు చదునుగా పోయి, మెల్లగా లేచి, నిటారుగా ఎక్కి, మళ్ళీ చదునైంది.

"పాలల్లో పడగానే ఏ జీవీ పెరగదు. కొత్త చోటు గదా, కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. తర్వాత ఒకటి రెండు, రెండు నాలుగు."

"చక్రవడ్డీ" అన్నాను.

"చక్రవడ్డీకి హద్దు లేదు టీచరమ్మా. గిన్నెకు హద్దుంది."

అప్పటినుంచి మేమిద్దరం ఎక్కడ చూసినా ఆ గీతే. సాయంత్రం కంభం బస్సు ఎలా నిండుతుంది, పుకారు వీధిలో ఎలా పాకుతుంది, అన్నిటికీ వేలు గాలిలోకి లేచేది. వాదనా ఉండేది, నా గ్లాసుల గురించి. నా స్టీలు గ్లాసులన్నీ పైకి తీసుకుపోయి పాలు పోసి, ఒక్కో దానికీ ఒక్కో చీటీ అంటించి కిటికీ పక్కన వరుసగా పెట్టేది. ఫోనులో అలారం మోగినప్పుడల్లా పులుపు కొలిచే కలంలాంటి సాధనాన్ని ఒక్కోదానిలో ముంచి చూసేది. చుట్టాలొస్తే నేను లోటాల్లో కాఫీ ఇచ్చుకోవాల్సి వచ్చేది.

రెండు రకాల జీవులు ఒకే గిన్నెలో పడితే ఏమవుతుందని అడిగాను. అది చెప్పేటప్పుడు ఆమె పుస్తకాల భాష వదిలేసి ఇంటి మాటలోకి దిగింది.

"పంక్తి భోజనం చూసినావు గదా. వరసలో పెద్దాయన కడుపు నిండి చెయ్యి కడిగేదానికి లేస్తే ఏమైతుంది? పక్కన పిల్లోడు సగమే తినింటాడు. వాడూ లేయాల్సిందే. ఇదీ అంతే. ముందు కూర్చున్న గుంపు నిండి ఆగిపోతే, చోటూ తిండీ అయిపోతాయి, పులుపు ఎక్కువైపోతుంది. రెండో గుంపు పెరిగినకాడికి ఆగిపోతుంది. అందుకే ఎవరు ముందు కూర్చున్నారు, ఎంతమంది కూర్చున్నారు, అదే అసలు లెక్క. తోడు అంటే ఏందనుకున్నావు? మంచోళ్ళను ముందు కూర్చోబెట్టడం."

అరవై ఏళ్లు పాలు తోడుపెట్టాను. ఆ మాట విన్న రాత్రి తోడు వేస్తూ గరిటెను కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఇక ఆ మంగళవారం. బస్టాండు దగ్గర మా వీధి ఆడవాళ్ళం ఏటా వేసవిలో చలివేంద్రం పెడతాం. సరుకులు, లెక్కలు నావి. ఆ రోజు అన్నం రంగమ్మది. మా ఎదురింటి మనిషి, రెండు బర్రెలున్నాయి, నాకంటే నాలుగేళ్లు చిన్న. భర్త పోయి ఏడాది నిండింది. ఇంట్లో జరగాల్సింది జరిపించి, ఆయన పేరు మీద రెండు వందల మందికి పెరుగన్నం పెడతానని మొక్కుకుంది. తెల్లవారుజామున లేచి తనే వండింది, ఎవరినీ గరిటె తాకనివ్వలేదు.

ఆమె థర్మామీటరు బయటికి తీసి, చూసి, తుడిచింది.

"పెద్దమ్మా, ఎన్నింటికి వండినారు?"

"అయిదింటికి వార్చినా."

"పాలు కలిపింది?"

"ఆరుగంటలప్పుడు. గోరెచ్చగా ఉన్నప్పుడే కలపాల గదా."

"తోడు ఎంత ఏసినావు?"

"ఒక్క గరిటె. అంతా పాలే. జనం తినేది ఒంటిగంటకు. ఈ ఎండకు పులిసిపోతే, మా ఆయన పేరు మీద పెట్టిన అన్నం మొగం చిట్లించుకుంటా తింటారు. అట్ల కాగూడదని."

ఇందులో వింతేమీ లేదు. మధ్యాహ్నానికి పులవకూడదంటే పెరుగు తగ్గించి పాలు ఎక్కువ పోస్తాం. మా అమ్మ పోసింది, నేను పోశాను. అది మర్యాద. ఆమె ముఖం మాత్రం మారిపోయింది. పులుపు కొలిచే కలం ముంచింది. బోర్లించిన బకెట్టుమీద కూర్చుని అట్టముక్క మీద లెక్క వేసింది. మళ్ళీ వేసింది. లేచింది.

"ఇది పెట్టొద్దు."

"పెట్టొద్దంటే?" అంది రంగమ్మ.

"పారబోయాల పెద్దమ్మా."

రంగమ్మ ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుంది. "చూడు. తిని చూడు పాపా. వాసనుందా? పులుపుందా?"

"లేదు. పులుపు లేదు కాబట్టే భయం."

"ఉడికిన అన్నం గదా" అన్నాను నేను.

"బియ్యంలో కొన్ని విత్తనాల మాదిరి ముడుచుకుని ఉంటాయి టీచరమ్మా. ఉడికినా చావవు. వేడి తగ్గినాక మొలకెత్తుతాయి. పెరుగు నిండా ఉంటే తోడువి ముందు కూర్చునేవి. ఈమె పాలు పోసి ఆ రెండోవాటికి విస్తరేసింది. ఇవి విషం కక్కినాక మళ్ళీ కాచినా పోదు."

"నీకు ఖాయంగా తెలుసా?"

ఆమె నా వైపు చూసింది. అబద్ధం చెప్పి ఉంటే ఆ వాదన అక్కడే ముగిసేది.

"ఖాయంగా తెలీదు. పదిసార్లు ఇట్ల చేస్తే ఆరేడుసార్లు చెడుతుందని లెక్క చెబుతాంది. ఈ గుండిగ ఆ ఆరేడులోదో, మిగతా మూడింట్లోదో చూస్తే తెలీదు."

"సచ్చిపోయిన మనిషి పేరు మీద వండిన అన్నం పారబోస్తే ఏమైతుందో, అది ఉందా నీ లెక్కలో?" అంది రంగమ్మ.

"లేదు" అంది ఆమె.

టెంటు బయట అప్పటికే వరస కట్టారు. పిల్లలను చంకనేసుకున్న వాళ్ళు, కురిచేడు వైపు పోవాల్సిన కూలీలు. అందరూ నావైపే చూస్తున్నారు, లెక్కలు నావి కాబట్టి. పారబోద్దామని నేనే అన్నాను. ప్రహరీ వెనక గుంట తీసి గుండిగను వంచాం. కుక్కలు తవ్వకుండా ఆమె పైన రాళ్ళు పేర్చింది. రంగమ్మ ఏడవలేదు. తలమీద కొంగు కప్పుకుని, గుంట వైపు వీపు పెట్టి నిలబడింది. జనానికి మజ్జిగ, అరటిపళ్ళు ఇచ్చి పంపాం.

ఆమె రెండు డబ్బాల నిండా ఆ అన్నం తీసి ఐసు పెట్టెలో పెట్టుకుంది, తన కాలేజీలో పరీక్ష చేయించడానికి. బస్సెక్కే ముందు రంగమ్మకు గట్టిగా చెప్పింది. "ఈ అన్నానికీ, పాలకూ తగిలిన గిన్నెలన్నీ సలసల కాగే నీళ్ళతో, సోడాతో రుద్ది కడుగు పెద్దమ్మా. ఒక్కటీ వదలొద్దు."

శుక్రవారం మధ్యాహ్నం బస్సు దిగి, పైకి పోకుండా నేరుగా నా వంటింట్లోకి వచ్చింది. చెమటతో తడిసి ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"అన్నం బాగుంది టీచరమ్మా! నా లెక్క తప్పింది!"

నాకు ఒళ్ళు మండింది. "దానికి నవ్వెందుకు?"

"విత్తనాలు ఉన్నాయి, మొలకెత్తలేదు. ఎవరో వాటిని అణిచేసినారు. పులుపు లేదు, పంక్తి ఇంకా లేవలేదు, అయినా పక్కోని విస్తరి లాగి అవతల పారేసినారు. ఒక్క గరిటె తోడుకు అంత బలం ఎక్కడిది?" సంచి బల్లమీద పెట్టింది. "పాలు దేంట్లో ఆరబెట్టిందో నేను అడగలేదు."

అది నాకు తెలుసు. రంగమ్మ ఇంట్లో ఒక పెద్ద నల్ల కుండ ఉంది. వాళ్ళ అత్త గిద్దలూరు అవతల ఇంకో పల్లెనుంచి తెచ్చింది. ఆ కుండను రుద్ది కడగరు. ఉత్త నీళ్ళతో తొలిపి బోర్లిస్తారు. అందులో తోడేసిన పెరుగు మూడో రోజుకైనా తియ్యగా ఉండేది. ఆ ఉదయం గిన్నెలన్నీ అన్నానికే చాలక, కాచి కాస్త వేడి తగ్గిన పాలను ఆ కుండలో పోసి ఆరబెట్టింది. చలివేంద్రానికి వస్తూ దారిలో నాతో అంది కూడా. కుండ గోడల్లో తరాలుగా కాపురమున్నవన్నీ పాలతోబాటు అన్నంలోకి దిగాయి. ఒక్క గరిటె కాదు, పంక్తంతా.

"డబ్బాల్లో మిగిలింది ఉందా?"

"పరీక్ష అయినవాటిని ఆవిరిలో ఉడికించి పారేస్తారు. అది పద్ధతి. నిన్న సాయంత్రమే అయిపోయింది. పోనీలే, కుండ ఉంది గదా."

ఎదురింటికి పోతూ నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. "తోడు మాత్రం అడుగు. అన్నం బాగుండిందని చెప్పకు. ముసలిది తట్టుకోలేదు. ఇప్పుడు వీధంతా నువ్వు రెండొందల ప్రాణాలు కాపాడావని అనుకుంటోంది."

"లెక్క తప్పిందని చెప్పకుండా కుండ ఎట్ల అడిగేది టీచరమ్మా?" అంది.

కుండ పెరట్లో ఎండలో బోర్లించి ఉంది. సోడా తెల్లగా చారలు కట్టింది.

"నువ్వు చెప్పినట్టే మూడుసార్లు కాగే నీళ్ళు పోసి రుద్దినా పాపా" అంది రంగమ్మ. "ఉట్టిమీద పెరుగు గూడా దిబ్బలో పోసినా. ఇప్పుడు ప్యాకెట్టు పెరుగే."

ఆమె కుండ పక్కన కూలబడింది. లోపలికి వేలు పెట్టి, వేలు వాసన చూసింది. తర్వాత అంతా చెప్పింది. అన్నం తినదగ్గదే అని, తన లెక్క తప్పని, ఆ కుండే కాపాడిందని, దాన్ని కడిగించింది తనేనని. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. తరగతిలో తప్పు చేసిన లెక్కను బోర్డుమీద మళ్ళీ మొదటినుంచి చేసినట్టు చెప్పింది.

రంగమ్మ కొంగుతో కుండమీది సోడా చారలు తుడిచింది.

"అయితే మా ఆయనకు ఆ పొద్దు అన్నం అందలేదన్నమాట. ఊరికినే."

"ఊరికినే కాదు పెద్దమ్మా..." అని మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది. "అవును. ఊరికినే."

"మళ్ళా అట్లే తెస్తే ఏం జేస్తావు?"

"కుండలో ఆరబెట్టలేదంటే మళ్ళా పారబోయమనే అంటా."

రంగమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "మొండిదానివే నువ్వు. అచ్చం మా అత్త."

ఆ తర్వాత రోజుల్లో వీధిలో మాటలు పడింది. పెరుగు మేడం లెక్క పాలల్లో కాదు, గుంటలో తేలిందన్నారు. ఆమె వినిపించుకున్నట్టే లేదు. ఇల్లిల్లూ తిరిగి, "రంగమ్మ పెద్దమ్మ దగ్గర ఎప్పుడైనా తోడు తీసుకున్నారా?" అని అడిగింది. దీపాలు పెట్టాక రంగమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు, పగలు అడిగినవాళ్లకు ఇచ్చేది. తీసుకున్నవాళ్ళు చాలామందే. ఇప్పుడు అందరివీ ప్యాకెట్లే. ఒక ఆదివారం నన్ను కూడా లాక్కుని గిద్దలూరు బస్సెక్కింది, రంగమ్మ అత్తగారి పల్లెకు. అక్కడ ఆ కుటుంబంలో మిగిలిన ముసలామె మమ్మల్ని చూసి నవ్వింది.

"తోడా? బర్రెలమ్మి ఆర్నెల్లాయె. పాలప్యాకెట్టుకు తోడేందమ్మా?"

పాత కుండ ఒకటి ఉందా అని అడిగితే, ఎండుమిరపకాయలు పోసుకున్నది చూపించింది. ఆమె మిరపకాయలన్నీ చేటలో పోసి, కుండ లోపల చెంచాతో గీకి, ఆ పొడిని సీసాలో పోసుకుంది. తుమ్ముతూనే ఉంది. బస్సులో కూడా తుమ్మింది. మేడమీద కాచిన పాలలో ఆ పొడి వేసి ఎన్నాళ్ళో చూసింది. ఏదీ లేవలేదు.

రంగమ్మ మళ్ళీ వండింది, పారబోసిన రెండు వారాలకు. ఆమె చెప్పినట్టే పెరుగు నిండా వేసింది. గుండిగ దించగానే అందరం ఆమె వైపు చూశాం. ఒక్కసారి తప్పిన మనిషి, ఈసారికైనా ఊరుకుంటుందేమో అనుకున్నాను. కళ్ళజోడు పెట్టె తెరిచింది.

"ఎన్నింటికి వండినారు పెద్దమ్మా?"

"అయిదింటికి."

"పాలు కలిపింది?"

"ఆరింటికి."

"తోడు ఎంత?"

"సగానికి సగం."

"పాలు దేంట్లో ఆరబెట్టినావు?"

"స్టీలు గిన్నెలో. కుండ నువ్వే కడిగిస్తివి గదా."

 ఆమె తల వంచి థర్మామీటరు గుచ్చింది, చూసింది, తుడిచింది. "పెట్టండి" అంది. మొదటి ముద్ద రంగమ్మే కలిపి ఆమె చేతిలో పెట్టింది. పుల్లగా ఉంది. ఇద్దరూ మొహం చిట్లించి, ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

నేను ఆమెను తలచుకుంటే గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నమే. లెక్క తప్పినవాళ్ళు రెండు రకాలు. ఇంకెప్పుడూ లెక్క వేయనివాళ్ళు, తప్పే లేదని వాదించేవాళ్ళు. ముప్పై మూడేళ్ళలో ఇద్దరినీ చూశాను. పాత ప్రశ్నలు మూడూ అలాగే ఉంచి, నాలుగోది చేర్చుకుని, అదే మనిషి ముందు మళ్ళీ నిలబడి అడిగినదాన్ని ఒక్కదాన్నే చూశాను.

సెలవు అయిపోయి వెళ్ళిపోతూ నా గ్లాసులన్నీ వేడినీళ్ళతో కడిగి ఇచ్చింది. అచ్చయిన ఆమె వ్యాసం ఒక ప్రతి నాకు పంపింది. సమీకరణాలు చాలావరకు అర్థమయ్యాయి. ఆఖరి పేజీలో ఒక్క వాక్యం ఉంది. ఒక ఇంటి తోడులో, పులుపుతో సంబంధం లేకుండా ఇతర జీవులను అడ్డుకునే గుణమేదో ఉన్నట్టు కనిపించిందని, ఆ తోడు ఇప్పుడు లేనందున నిర్ధారించలేకపోయామని. అది ఎందుకు లేదో రాయడానికి అక్కడ చోటు ఉండదనుకుంటాను.

ఆమె తమ్ముడు నా ప్రశ్నకు జవాబు చెప్పాడు. తెల్లవారి అయిదింటికి, ఆసుపత్రిలో. నేను ఎదురింటికి పోయి రంగమ్మకు చెప్పాను. రంగమ్మ పొయ్యిమీద పాలు దించి, "ఆ పాపకు ఎవరన్నా అన్నం పెడతారా అక్కా, పేరు మీద?" అంది. పెడదామన్నాను. పెరుగు నిండా వేసి.

నా పద్ధతి ప్రకారం లెక్క రాసి ముగిస్తాను. ఆ మంగళవారంతో మొదలై ఇప్పటిదాకా పోయినవి:

అన్నం, ఒక గుండిగ. మళ్ళీ వండాం.

పాలు, రెండు బిందెలు. మళ్ళీ పితికారు.

తోడు, ఒక కుండ. దొరకలేదు.

మనిషి, ఒకరు.